కణవిభజన రహస్యమును శోధించినవారు

నేను వ్యాకరణము చదువుకొనినవాడను. ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు సంధులును సమాసములును బోధించి విశ్రాంతి గొన్నవాడను. అట్టివాడు జీవకణమును గూర్చి మాటాడుట యేమని మీకు సందేహము కలుగవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. కారణము మనవి చేసికొందును.

మా యక్కయ్య సిద్దిపేట చెంత నొక పల్లెలో కాపురముండును. ఆమెకు రొమ్మున గడ్డ లేచి, అది రాచపుండని తేలెను. చికిత్సకై సికింద్రాబాదు వచ్చి రాంగోపాల్‌పేటలోని మా యింట దిగినది. వ్యాధి యప్పటికే యెముకలకు ప్రాకినదని చెప్పి, వైద్యుడు రెండు తెగల మాత్రలు వ్రాసి యిచ్చెను. ఒకటి నిత్యమును వేసికొనవలెను. రెండవది మాత్రము 21 దినములు మ్రింగి 7 దినములు మానవలెను. "అయ్యా, ఈ రెండవ మాత్ర యేమి చేయును?" అని నేనడిగితిని. "కణము రెండుగా చీలకుండ నాపును" అని ఒక్క వాక్యము చెప్పి, వైద్యుడు తరువాతివారిని పిలిచెను. వాకిట నూరుమంది వేచియుండిరి. ఆయనను తప్పు పట్టుటకు లేదు. కాని ఆ యొక్క వాక్యము నన్ను విడువలేదు. కణము చీలుట యేమి? దానిని చీల్చునది యేది? ఎవరు దానిని కనుగొనిరి? మా మనుమరాలు కళాశాలలో జీవశాస్త్రము చదువుచున్నది. ఆమె తెచ్చి యిచ్చిన గ్రంథములను నెలల తరబడి చదివితిని. అందులో నొకచోట అచ్చమైన తెలుగు ఇంటిపేరు కనబడగా కన్నులు నులుముకొని మరల చూచితిని. నేటి ప్రసంగమునకు అదియే మూలము.

ముందుగా ఒక మాట. ఇదియంతయు మన వేదములలో నున్నదని చెప్పుటకు నేను రాలేదు. లేదు. మన పూర్వులకు సూక్ష్మదర్శిని లేదు. ఉన్నదానిని గొప్పగా చెప్పుకొనుటకు మనకు చాలినంత కలదు గనుక లేనిదానిని కల్పింప బనిలేదు.

మన దేహమున సుమారు 30 లక్షల కోట్ల కణము లున్నవని నేటి లెక్క. ఇవన్నియు తల్లి గర్భమున నొకే కణముగా మొదలైనవే. ఆ యొకటి రెండై, రెండు నాలుగై, ఇట్లు పెరిగి శిశువగును. పెరుగుట ముగిసిన పిదపను విభజన యాగదు. చర్మము రాలుచుండును, క్రొత్తది వచ్చుచుండును. రక్తకణములు చచ్చుచుండును, ఎముకల మూలుగలో క్రొత్తవి పుట్టుచుండును. ఎప్పుడు చీలవలెనో అప్పుడు చీలుట, వలదన్నప్పుడు మానుట, ఇదియే యారోగ్యము. మానవలసిన కణము మానక చీలుచునే యుండిన, అది రాచపుండు.

కణవిభజనను కన్నులార చూచి వ్రాసినవారిలో వాల్తర్ ఫ్లెమింగ్ అను జర్మను పండితుడు ముఖ్యుడు. ఆయన బల్లిని బోలిన సాలమాండరు అను జలచరపు పిల్లల కణములకు రంగులద్ది చూడగా, కేంద్రకములో నూలుపోగుల వంటివి కనబడెను. విభజన సమయమున ఆ పోగులు పొట్టిగాను లావుగాను చుట్టుకొని, నిలువున రెండుగా చీలి, రెండు ప్రక్కలకు లాగబడుట ఆయన గుర్తించి 1882లో గ్రంథము ప్రకటించెను. 1888లో వాల్డయర్ అను మరియొక జర్మను పండితుడు ఆ పోగులకు క్రోమోసోములని పేరిడెను. మానవకణమున ఇవి 46. ఒక్కొక్క కణములోని క్రోమోసోముల దారమునంతయు విప్పి వరుసగా నుంచినచో సుమారు ఆరడుగుల పొడవగునట. కంటికి కనబడని కేంద్రకములో ఆరడుగుల దారము! మగ్గము నెరిగినవారికి ఆ దారము చిక్కుపడకుండ చుట్టుట యెంత పనియో నేను చెప్పనక్కరలేదు.

పిమ్మట చాలకాలము పండితులు ఈ చుట్టుకొను ఘట్టమునే చూచుచు, తక్కిన కాలమంతయు కణము ఊరక యుండునని తలచిరి. ఆ భ్రమను తొలగించినవారు లండను నగరమున పనిచేసిన హవర్డు, పెల్కు అను నిరువురు. వారు చిక్కుడు జాతి మొక్క వేళ్లకు రేడియోధార్మికమైన భాస్వరము నిచ్చి పరిశీలించి 1953 నాటికి తేల్చిన దేమనగా, కణము జీవితము నాలుగు ఘట్టములు. మొదట పెరుగుదల, రెండవది దారమంతటికిని ప్రతి వ్రాసికొనుట, మూడవది మరల కొంత విరామము, నాలుగవది విభజన. పొలము దున్నుట, నాటుట, కలుపు, కోత యన్నట్లు వీనికి వరుస కలదు. వరుస తప్పినచో పంట లేదు. మరి ఆ వరుసను నడపు పెద్దకాపు ఎవరు? దారములోనే యా యాజ్ఞ యున్నదా, లేక దాని చుట్టు నున్న కణరసములో నున్నదా?

ఇచ్చట మన కథానాయకుడు ప్రవేశించును. ఆయన పేరు పోటు నరసింహారావు గారు. తెలుగుదేశమున పుట్టి అమెరికాకు పోయిన శాస్త్రజ్ఞుడు. మొదట కెంటకీ రాష్ట్రపు విశ్వవిద్యాలయమున పరిశోధన చేయుచు కణములన్నిటిని ఒకే ఘట్టమున నిలుపు నుపాయమును వెదకెను. గిన్నెలో పెంచు కణములు సంతలోని జనమువలె తలకొక పనిలో నుండును. ఒకటి పెరుగుచుండగా మరియొకటి చీలుచుండును. వానిని పరీక్షింప వలెనన్న అన్నియు ఒక్కచోటికి రావలెను. దంతవైద్యులు నొప్పి తెలియకుండుటకు వాడు నవ్వించు వాయువు, అనగా నైట్రస్ ఆక్సైడు, దానిని అధికమైన ఒత్తిడితో కణములపై నుంచినచో అవి విభజన ఘట్టమున నిలిచిపోవుననియు, వాయువును తీసివేసిన మరల ఏ హానియు లేక సాగిపోవుననియు ఆయన 1968లో ప్రకటించెను. నవ్వించు వాయువునకు ఇట్టి ప్రయోజనము గలదని యెవరనుకొందురు!

తరువాత ఆయన కొలరాడో రాష్ట్రమందలి డెన్వరు నగరమున, అచ్చటి విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రమున, రాబర్టు జాన్సను అను ఆంగ్లేయునితో గూడి పనిచేసెను. అప్పటికి జపాను దేశీయుడైన ఒకాడా గారు ఒక విచిత్రమును కనిపెట్టి యుండెను. సెండై అను నగరము పేరుగల వైరసు తగిలినచో ప్రక్కప్రక్కనున్న కణముల పొరలు కలిసిపోయి రెండు కణము లొక్కటి యగును. ఆక్స్‌ఫర్డులో హారిసు, వాట్కిన్సు అనువారు 1965లో మనుష్యుని కణమును ఎలుక కణముతో నిట్లు కలిపి చూపిరి. రావు గారును జాన్సను గారును తీసికొనినవి మానవకణములే. 1951లో బాల్టిమోరు నగరమున హెన్రియెట్టా లాక్స్ అను నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వారపు రాచపుండుతో మరణించెను. ఆమె గడ్డనుండి, ఆమెను అడుగకయే, తీసిన కణములు నేటికిని ప్రపంచమంతట ప్రయోగశాలలలో పెరుగుచున్నవి. ఐదుగురు బిడ్డల తల్లి ఆమె.

ప్రయోగము వినుడు. రావు గారు విభజనలో నిలిపిన కణమును, ఇంకను పెరుగుదలలోనే యున్న కణముతో కలిపించెను. ఏమి కావలెను? పెద్దది చిన్నదానికొరకు ఆగునా? చిన్నది పెద్దదానిని అనుసరించునా? ఆగలేదు. విభజనలోని కణము రెండవదానిని బలవంతముగా లాగుకొనిపోయెను. ప్రతి వ్రాసికొననైనను వ్రాసికొనని ఆ కేంద్రకము తన పొరను కోలుపోయి, అకాలమున తన దారమును చుట్టుకొన సాగెను. సన్నని యొంటిపోగులు మాత్రమే కనబడెను. ప్రతి వ్రాయుట సగమైన కణమును కలిపినచో దారము తునుకలు తునుకలైనట్లు కనబడెను. వ్రాయుట ముగిసిన దానియందు జంటపోగులు కనబడెను. ఇంకొక జతలో, ప్రతి వ్రాయుచున్న కణమును ఇంకను వ్రాయనిదానితో కలుపగా రెండవది త్వరపడి తానును వ్రాయసాగెను. కాని వ్రాసి ముగించినదానితో కలుపగా అది రెండవమారు వ్రాయలేదు. సహచరుడు ముగించువరకు విభజనకు పోక నిలిచియుండెను. పంక్తిభోజనమున ముందు తిని ముగించినవాడు ప్రక్కవాని కొరకు విస్తరి ముందే కూర్చుండునట్లు.

ఈ ఫలితములు 1970లో నేచరు అను ఆంగ్లపత్రికలో రెండు వ్యాసములుగా వెలువడెను. వాని సారము నాకు మా యింటి వంటగదిలో తెలిసెను. మా యక్కయ్య రాత్రి పాలు కాచి, గోరువెచ్చనయ్యాక చెంచాడు పెరుగు తోడు పెట్టుచుండెను. పాలకు పెరుగగు శక్తి యున్నది; కాని తోడు లేక పెరుగు కాదు. అదేవిధముగా విభజనలోని కణరసములో తోడువంటి దేదో యున్నది. అది సోకిన కేంద్రకమెల్ల తోడుకొనును. ఆజ్ఞ దారములో లేదు, దారము చుట్టునున్న రసములో నున్నది. ఇది రావు, జాన్సనులు చూపిన సత్యము.

తోడు పెట్టుట యను నా మాట కేవలము పోలిక గాదు. 1971లో మసూయి, మార్కర్టు అను నిరువురు కప్పలతో ఇంకను ఆశ్చర్యమైనదానిని చూపిరి. పక్వమైన కప్పగ్రుడ్డునుండి కొంచెము రసము తీసి పక్వముకాని గ్రుడ్డులో నెక్కించిరి, అది పక్వమయ్యెను. దానినుండి తీసి మరియొకదానిలో నెక్కించిరి, అదియు పక్వమయ్యెను. ఇట్లు ఒకదానినుండి యొకటిగా తోడు సాగెను, శక్తి తరుగలేదు. ఆ ద్రవ్యము తనను తాను పెంచుకొనునన్నమాట.

మరి కప్పలోని తోడును మనుష్యునిలోని తోడును ఒకటియేనా? ఈ ప్రశ్నకు ఉత్తర మిచ్చినవారిలోను రావు గారే యున్నారు. ఆయన హ్యూస్టనులోని ఎం.డి. ఆండర్సను రాచపుండు ఆసుపత్రికి పోయి, సుంకర, రైటు అనువారితో కలిసి, విభజనలోనున్న మానవకణముల సారమును కప్పగ్రుడ్లలో నెక్కించి చూచెను. కప్పగ్రుడ్డు మనుష్యుని తోడుకు తోడుకొనెను. ఇది 1979 నాటి మాట. సుంకర యను ఇంటిపేరును మీరు వినియుందురు. దానిని వివరింప నక్కరలేదు.

ఆ తోడు ఏ ద్రవ్యమో తెలిసికొనుటకు ఇంకను తొమ్మిదేండ్లు పట్టెను. ఆ జాడ కల్లుకుండలో దొరికినదన్న మీరు నవ్వుదురు. కల్లును పొంగించు ఈస్టు అను సూక్ష్మజీవియు కణమే, చీలునదే. అమెరికాలో హార్ట్‌వెల్ అనువాడు ఒక జాతి ఈస్టులో చీలుట నిలిచిపోయిన లోపజాతులను ఏరి, ఏ జన్యువు చెడిన ఏ ఘట్టమున ఆగునో పట్టిక కట్టెను. పాల్ నర్సు అనువాడు ఆఫ్రికా చిరుధాన్యపు కల్లునుండి వచ్చిన వేరొక ఈస్టును ఎడింబరో నగరమున పరిశీలించుచు, పూర్తిగా ఎదుగకమునుపే చీలి పొట్టిగా నుండు జాతిని కనుగొనెను. ఆ జన్యువునకు ‘వీ’ అని పేరు పెట్టెను. స్కాట్లండువారి వాడుకలో చిన్నది యని యర్థము. చీలుటకు ముందు నిలిపియుంచు కావలివాడు లోపించుటచే నవి పొట్టివైనవి. కావలివాడు ఎవరిని ఆపుచున్నాడో ఆ మాంసకృత్తు పేరు సీడీసీ-2. 1987లో నర్సు, మెలనీ లీ అను నామె, మానవునిలోని జన్యువును ఈస్టులో నుంచి చూడగా ఈస్టు యథావిధిగా చీలెను. వంద కోట్ల యేండ్లకు మించి వేరుపడిన రెండు వంశములలో పనిముట్టు ఒకటియే!

మరియొకవైపు టిమ్ హంటు అనువాడు 1982 వేసవిలో, ముండ్లబంతివలె నుండు సముద్రజీవి గ్రుడ్లను పరిశీలించుచు, ఒక మాంసకృత్తు మెల్లగా పెరిగి, గ్రుడ్డు చీలు సమయమున హఠాత్తుగా మాయమై, మరల పెరుగుట చూచెను. చక్రమువలె వచ్చిపోవుచుండుటచే దానికి సైక్లిన్ అను పేరు వచ్చెను. 1988లో లోకా, హేసు, మాలరు అనువారు కప్పగ్రుడ్లనుండి ఆ తోడును శుద్ధిచేసిరి. అందు రెండు మాంసకృత్తులు ముఖ్యములై కనబడెను. తరువాత తేలినదేమనగా, ఒకటి ఈస్టులోని సీడీసీ-2, రెండవది సైక్లిన్. మూడు త్రోవలు ఒక్క కూడలికి వచ్చెను. ఈ శుద్ధి జరిగినది ఎక్కడ? పదునెనిమిదేండ్లకు ముందు రావు, జాన్సనులు కణములను కలిపిన ఆ డెన్వరులోనే, ఆ విశ్వవిద్యాలయముననే.

ఇక నీ జంట పనిచేయు విధము. మొదటిది సుమారు 300 అమైనో ఆమ్లములు గ్రుచ్చిన మాల, తనలో తాను మడిగి యుండును. దాని పని ఇతర మాంసకృత్తులపై ఫాస్ఫేటు అను ముద్ర వేయుట. ముద్ర పడినవి మేల్కొని కేంద్రకపు పొరను విప్పును, దారమును చుట్టును. కాని ఒంటరిగా నున్నప్పుడు దాని నోటికి దాని మాలలోని యొక కొంకియే అడ్డుపడి యుండును. సైక్లిన్ వచ్చి ప్రక్కను అంటుకొనగానే కొంకి తొలగి నోరు తెరచుకొనును. దీని సహోదరమైన వేరొక జంటలో ఈ కదలికను 1995లో స్ఫటికములపై ఎక్స్-కిరణములను ప్రసరింపజేసి ప్రత్యక్షముగా చూచిరి. మన కథలోని జంటనే 2015లో చూచిరి.

జంట కూడినంతమాత్రమున చాలదు. కావలివాడైన ‘వీ’ దాని నోటిచెంత తన ముద్ర వేసి పని సాగనీయడు. దారమునకు ప్రతి వ్రాయుట ముగియలేదా, ఎక్కడైన చెడినదా, ఆ ముద్ర నిలిచియుండును. అన్నియు సరియైనపుడు వేరొక మాంసకృత్తు వచ్చి ఆ ముద్రను చెరపును. అప్పుడు విడుదలయైన కొలది జంటలు ముద్ర చెరపువానికి బలమిచ్చును, కావలివానిని అణచివేయును. దానివలన మరిన్ని జంటలు విడుదలయగును. చెంచాడు పెరుగుతో కుండెడు పాలు తోడుకొను మర్మ మిదియే. మసూయి కప్పలలో శక్తి తరుగకుండుటకును కారణ మిదియే.

మరి ఆగుట యెట్లు? భస్మాసురుని కథ మీకు తెలియును. ఈ జంట తన బలము పరాకాష్ఠకు వచ్చినపుడు తానే యొక సంహారకయంత్రమును మేల్కొలుపును. క్రోమోసోములన్నియు రెండుదిక్కుల త్రాళ్లకు సరిగా తగులుకొనువరకు మాత్రము ఆ యంత్రమునకు అడ్డు కలదు. ఒక్కటి తగులకున్నను ఆగును. పిదప యంత్రము సైక్లిన్‌కు చావుచీటి యంటించును, సైక్లిన్ నశించును, నోరు మూతపడును. కణము రెండై, మరల మొదటి ఘట్టమునకు వచ్చును. ముండ్లబంతి గ్రుడ్లలో హంటు చూచిన మాయమగుట యిదియే. మోహిని లేకయే భస్మాసురుడు తన తలపై చేయి పెట్టుకొనునన్నమాట.

మన పెరళ్లలోని బిళ్ళగన్నేరు నుండి తీసిన మందులు క్రోమోసోములను లాగు ఆ త్రాళ్లను చెరచి, విభజనను నడుమ నాపును. తెలుగువాడైన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి (1895–1948) పరిశోధనశాలనుండి వచ్చిన అమినాప్టెరిన్ అను మందు, దారమునకు ప్రతి వ్రాయుటకు కావలసిన సరకునే అందనీయదు. మా యక్కయ్య మాత్ర వీనికంటె తరువాతిది. పెరుగుదలనుండి వ్రాతకు పోవు తలుపును తెరచునది మన కథలోని జంట కాదు, దానికి జ్ఞాతులైన జంటలు. ఈ మాత్ర వాని నోటిలో దూరి కూర్చుండి పని సాగనీయదు. ఇట్టి మాత్రలలో మొదటిదానికి అమెరికాలో 2015న అనుమతి లభించెను. మూలుగలోని రక్తకణములకును ఆ జంటలే కావలెను గనుక తెల్లకణములు తరుగును. అందులకే యేడు దినముల విరామము. వైద్యునికి చెప్ప తీరిక లేని సంగతి యిది.

2001లో నోబెల్ బహుమానము హార్ట్‌వెల్, హంటు, నర్సు అను మువ్వురికి వచ్చెను. ఒక్క బహుమానమున మువ్వురికి మించి చేర్చరాదని నియమము. మసూయికి రాలేదు, రావు, జాన్సనులకు రాలేదు. అన్యాయమని కేకవేయుటకు నాకు మనసొప్పదు. ఆ మువ్వురును అర్హులే. కాని జంటను పట్టి చూపినవారి పేరు పాఠ్యపుస్తకమున పెద్ద యక్షరములతో నుండి, తోడు ఉన్నదని మొదట చూపినవారి పేరు మన బడులలో నొక్క పిల్లవానికిని తెలియకుండుట మాత్రము నాకు కష్టముగా నున్నది. రావు గారును ఆయన సహచరులును 1983లో ప్రకటించిన యొక ప్రతిదేహము, విభజనలో ముద్రపడిన మాంసకృత్తులను మాత్రమే గుర్తించునది, తరువాతి పరిశోధకులకు నిత్యపు పనిముట్టయ్యెను. వారెందరు ఆ పేరును తలచిరో నేను లెక్కింపలేను.

ఈ ప్రసంగమును వ్రాసి ముందుగా మా యక్కయ్యకు చదివి వినిపించితిని. బహుమానముల సంగతి ఆమె పట్టించుకొనలేదు. తోడు మాట వచ్చినపుడు తల యూపెను. చివరకు, "తమ్మీ, అడుగకుండ కణములు తీసికొనిరంటివే, ఆ తల్లి పేరు మరల చెప్పుము" అనెను. హెన్రియెట్టా అని చెప్పితిని. నోరు తిరుగక రెండు మూడు మారులు పలికి చూచుకొని, నీళ్లగ్లాసు తీసికొని మాత్ర వేసికొనెను.